వేలికెక్కిన మెట్టె

ముందు అరచేతులు, మూడుసార్లు. తర్వాత నోరు, ముక్కు, ముఖం. ఆ తర్వాత మోచేతుల దాకా చేతులు. భూమవ్వ కొమ్ముచెంబు వంచి సన్నటి ధార పోస్తుంటే ముసలమ్మ కళ్ళు మూసుకునే ఒక్కొక్కటీ కడుక్కుంటోంది. మూసినా తెరిచినా ఆ కళ్ళకు ఒకటే. మూడేళ్ళ కిందటే రెండు పాపలూ తెల్లబడిపోయాయి. ఆఖరున పాదాలు. అవి ఆమెకు అందవు. స్నానాలగదిలో ప్లాస్టిక్ స్టూలు మీద ఆమెను కూర్చోబెట్టి, ఎదురుగా గొంతుక్కూచుని భూమవ్వే కడుగుతుంది. చిటికెనవేలు కాలివేళ్ళ సందుల్లోకి పోనిచ్చి ఒక్కో సందూ తడిసిందో లేదో చూస్తుంది. నమాజుకు ముందు రోజుకు ఐదుసార్లు. ఆరేళ్ళుగా.

ఇవాళ ఎడమచేయి ఆ పనికి రాలేదు. రెండు రోజులుగా వాస్తున్న ఉంగరపు వేలు రాత్రికి రాత్రే వంకాయ రంగుకు తిరిగింది. ఆ చేతిని పక్కన పెట్టుకుని కుడిచేత్తోనే ఎలాగో కానిచ్చింది.

“బిల్కిస్, నీ చేయి కాలిపోతోంది,” అంది ముసలమ్మ. పాదం మీద పడ్డ చేతిని బట్టే ఆమెకు అన్నీ తెలుస్తాయి.

“ఏం లేదు యుమ్మా. నీళ్ళు చల్లగా ఉన్నాయి, అంతే.”

ఇంట్లో అందరూ ముసలమ్మను యుమ్మా అనే పిలుస్తారు. అమ్మా అని అర్థం. కొడుకు నాసిర్, కోడలు నూరా, చివరికి డ్రైవరు కూడా. భూమవ్వ మాట్లాడేది వంటింట్లో నేర్చుకున్న అరబ్బీ. మగవాళ్ళ ముందు తడబడుతుంది గానీ ముసలమ్మ దగ్గర మాత్రం సాఫీగా సాగుతుంది.

బయట మూడు రోజులుగా దుమ్ముగాలి. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కినా గోధుమపిండి లాంటి ధూళి లోపలికి వస్తూనే ఉంది. పొద్దెక్కిందని గోడగడియారం చెప్పాలి తప్ప ఆకాశం చెప్పడం లేదు. ముసలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, జపమాల చేతికిచ్చి, భూమవ్వ వెలుగు కోసం కిటికీ దగ్గరికి పోయి వేలు చూసుకుంది. రెండు చుట్ల వెండి తీగ మాంసంలోకి దిగబడిపోయింది. పైనున్న మూడు బుడిపెలు మాత్రం చిన్న చిన్న గింజల్లా బయటికి కనిపిస్తున్నాయి.

అది చేతికి చేసిన వస్తువు కాదు. ఇరవై రెండేళ్ళ కిందట జగిత్యాల దగ్గరి ఊళ్ళో, సన్నెకల్లు మీద ఆమె పాదం పెట్టించి పోశెట్టి తొడిగిన మెట్టె. కల్లు గీసేవాడు పోశెట్టి. తాడి మీద మోకు తెగి కింద పడ్డాక నడుము కింది నుంచి ఏదీ అతని మాట వినలేదు. పిల్లలు లేరు. తొంభై రెండులో ఏజెంటు నిసార్ అహ్మద్ దగ్గర ఒక వీసా ఉందని తెలిసింది. దోహాలో ఒక పెద్దామెను చూసుకోవాలి, నమాజు చేసే మనిషే కావాలని ఆ ఇంటివాళ్ళ షరతు. బిల్కిస్ బేగం అనే కోరుట్ల మనిషి పేర పాస్‌పోర్టు సిద్ధమయ్యాక ఆమె రానని కూర్చుంది. నిసార్ అహ్మద్ ఆ పాస్‌పోర్టులో ఫోటో మార్చాడు. సంగతి భూమవ్వకూ పోశెట్టికీ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. దుబాయ్ పోయింది అనుకున్నారు, అంతే.

బొంబాయిలో ఏజెంటు భార్య రషీదా ఆమె బొట్టు తుడిచి, తలకు గుడ్డ చుట్టి, పుస్తెలతాడూ గాజులూ మెట్టెలూ ఒక సంచిలో వేయమంది. ఒక మెట్టె వేసింది. రెండోది గుప్పిట్లో ఉండిపోయింది. విమానంలో కూర్చున్నాక చుట్లు కొంచెం సడలించి వేలికి ఎక్కించుకుంది. కాలికి ఉంటే అది ఎవరి ఇంటి ఆడదో చెప్పేస్తుంది. చేతికి ఉంటే వట్టి ఉంగరం. వచ్చిన కొత్తలో నూరా అది చూసి ఏమిటని అడిగితే, “పెళ్ళి ఉంగరం” అంది. ఆ ఇంట్లో తన గురించి ఆమె చెప్పిన నిజం అదొక్కటే.

వంటింట్లో ఒంటిచేత్తో ఉల్లిపాయలు ఒలుస్తుంటే నూరా వచ్చి నిలబడింది. నూరాకు ముప్పై ఐదేళ్ళుంటాయి. కోపం తక్కువ, తొందర ఎక్కువ.

“చేయి చూపించు.”

భూమవ్వ చూపించింది.

“యా అల్లా! గురువారం మక్కా ప్రయాణం పెట్టుకుని ఈ చేత్తో యుమ్మా కుర్చీ ఎలా తోస్తావు?”

“సబ్బు పెట్టి లాగుతాను, మేడం.”

“నిన్నా అదే అన్నావు. ఇంకో రెండు రోజులైతే వేలే తీసేయాల్సి వస్తుంది. పదింటికి బంగారం బజారుకు పోదాం. అక్కడ కోస్తారు. యల్లా, పని ముగించు.”

కోస్తారు అన్న మాట దగ్గరే భూమవ్వ ఆగిపోయింది. నూరా వెళ్ళిపోయాక కూడా కత్తి పట్టుకుని అలాగే నిలబడింది.

పెరటివైపు డ్రైవరు ఇస్హాక్ కారు అద్దాల మీది దుమ్ము తుడుస్తున్నాడు. మెట్‌పల్లి వాడు, నలభై దాటినవాడు, పల్చటి గడ్డం. నలుగురిలో ఆమెను ఆపా అంటాడు. ఇద్దరే ఉన్నప్పుడు అక్కా అంటాడు. వచ్చిన మొదటి నెలలో నమాజులో చదివేవన్నీ తెలుగులో చీటీల మీద రాసుకొచ్చి, ఆమెకు చదవడం రాదని తెలిసి, తానే పెరట్లో నిలబడి ఒక్కో ముక్కా నోటికి నేర్పాడు.

“ఉత్తరమేమన్న వచ్చిందా ఇసాకూ?”

“రాలే అక్కా. నజ్మా బస్తిల చాయ్ హోటల్ కాడ నిన్నగూడ అడిగిన.” పోశెట్టి ఎవరితోనో రాయించే ఉత్తరాలు ఇస్హాక్ పేరు మీద ఆ హోటల్ పోస్టు బాక్సుకే వస్తాయి.

“మూడు నెల్లాయె.”

“డాక్‌ల లేటైతదక్కా. ఊకె పరేషాన్ గాకు.”

గాలి ఒక్కసారి విసిరికొట్టింది. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు.

“మక్కాకు నేను రానంటె ఏమైతది?”

ఇస్హాక్ గుడ్డ పిండి, దులిపి, నెమ్మదిగా అన్నాడు. “ఏమని అంటవక్కా? ఆరేండ్ల సంది అయిదు పూటల నమాజ్ చేస్తున్న మనిషివి. ఆళ్ళ పైసలతోటి తోల్కపోతమంటె వద్దనేటోళ్ళు ఉంటరా? ఎందుకు వద్దన్నదని అడుగుతరు. అడిగినంక తవ్వుతరు.”

“మనుషులకు అబద్ధం చెప్పిన. ఆడికి వొయ్యి గూడ చెప్పాల్నా? గాడ ఎవ్వలకు చెప్పుకోవాలె నేను?”

ఇస్హాక్ ఆమె ముఖం చూడలేదు. “గది నాకు తెల్వదక్కా. నిన్ను పట్టుకుంటె నన్ను గూడ పట్టుకుంటరు. గంతే తెల్సు.”

పోయిన రంజాన్‌లో రెండిళ్ళ అవతల పనిచేసే ఒకామెను పాస్‌పోర్టు మీది ఫోటో అతికినట్టుందని పోలీసులు తీసుకుపోయారు. ఆమె ఉతికి ఆరేసిన గౌన్లు ఆ ఇంటి మేడమీది తీగెకు నాలుగు రోజులు అలాగే వేలాడాయి. ఐదో రోజు ఎవరో తీసేశారు. భూమవ్వ ఇప్పటికీ మేడ మీదికి పోయినప్పుడు ఆ తీగెవైపు చూడదు.

*

బంగారం బజారులో పట్టపగలే దీపాలు వెలిగించారు. దుమ్ములో ఆ పసుపు వెలుగు దుకాణాల బయటికి రాలేక గుమ్మాల్లోనే ఆగిపోయింది. నూరాకు తెలిసిన దుకాణంలో వెనకవైపు, అద్దాల గది లాంటి చోట, ఒక పెద్దాయన చిన్న బల్ల ముందు కూర్చుని పని చేసుకుంటున్నాడు. కంటికి భూతద్దం, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు. పేరు నారాయణప్ప. ప్రొద్దుటూరు నుంచి వచ్చి పద్నాలుగేళ్ళుగా అదే బల్ల దగ్గర కూర్చున్న కంసాలి.

“ఇది కోసెయ్యాలి,” అంది నూరా అరబ్బీలో. “జాగ్రత్త. వేలు తెగకూడదు.”

నారాయణప్ప భూమవ్వ చేతిని తోలుగుడ్డ మీద పెట్టుకుని దీపం దగ్గరికి లాగాడు. ముందు సబ్బునీళ్ళు రాశాడు. తర్వాత పట్టుదారం తీసి గోరువైపు నుంచి వేలికి చుట్టుకుంటూ వచ్చి, దారం కొసను చుట్ల కిందికి దూర్చబోయాడు. దారం దూరడానికి కూడా సందు లేదు. నొప్పికి భూమవ్వ పళ్ళు బిగపట్టింది. అతను భూతద్దం సర్దుకుని ఆ మూడు బుడిపెలను దగ్గరగా చూశాడు. చూసి, తనలో తాను అనుకున్నట్టు అనేశాడు.

“ఇది కాలిది గదా. మెట్టె.”

భూమవ్వ చేయి అతని చేతిలో ఒక్కసారిగా బిగుసుకుంది. అతను తలెత్తాడు. తలగుడ్డ నుదుటి మధ్య దాకా లాగిన ముఖం. అందులో కళ్ళు రెండూ అతన్నే చూస్తున్నాయి. ఆ చూపులో ఏముందో అతనికి అర్థమైంది.

“యా ఊరమ్మా మీది?” గొంతు తగ్గించి అడిగాడు.

ఆమె కుడిచేత్తో తలగుడ్డ ఇంకొంచెం కిందికి లాక్కుంది.

“ఏమంటున్నాడు?” నూరా ముందుకు వంగింది.

నారాయణప్ప సన్నరంపం చేతిలోకి తీసుకున్నాడు. “నొప్పి పుడుతుందా అని అడిగినా మేడం,” అన్నాడు వచ్చీరాని అరబ్బీలో. “భయపడుతున్నట్టుంది.”

“భయం ఎందుకు? ఉంగరమేగా. కోసెయ్యి.”

దుకాణం యజమాని ఏవో కొత్త గాజులు తీసి బల్ల మీద పరిచాడు. నూరా అటు తిరిగింది.

“అన్నా,” అంది భూమవ్వ. ఆరేళ్ళలో ఇస్హాక్‌తో కాక ఇంకొకరితో పలికిన మొదటి తెలుగు మాట. “కొయ్యకుంట తియ్యరాదా? ఇంటికాడ మనిషున్నడు నాకు.”

నారాయణప్ప రంపం కింద పెట్టి ఆమె వేలిని మళ్ళీ తిప్పి చూశాడు. గోరు కింద నల్లబడుతోంది.

“కొయ్యకుంటే యేలు పోతాదమ్మా. నేను జేసేది వస్తువును కొయ్యడమే. ఇంకేం కాదు. దేవుడెరుగు.”

రేకు ముక్కను చర్మానికీ వెండికీ మధ్య పట్టించి రంపం ఆడించాడు. సన్నటి చప్పుడు. వెండి రజను తోలుగుడ్డ మీద రాలింది. మొదటి చుట్టు తెగింది, రెండోది తెగింది. పట్టకారుతో విడదీస్తే రెండు వంకర ముక్కలై ఊడి వచ్చాయి. వేలి చుట్టూ తెల్లటి లోతైన గాడి, అక్కడక్కడా నెత్తురు. అతను దూదితో తుడిచి గుడ్డపీలిక కట్టాడు.

“ఆ తుక్కు పారెయ్యి,” అంది నూరా గాజులు చూస్తూనే.

నారాయణప్ప రజనును డబ్బాలోకి ఊదాడు. ముక్కలు రెండూ గులాబీ రంగు కాగితంలో మడిచి, గుడ్డ కట్టు సరిచేస్తున్నట్టుగా ఆమె కుడిచేతిలో పెట్టాడు. ఆమె గుప్పిట మూసింది. ఇద్దరూ మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు.

తిరుగుదారిలో ముందు కార్ల వెనక దీపాలు ఎర్రగా మసకగా కదులుతున్నాయి. నూరా వెనక సీట్లో పక్కనే ఉంది. వేలు కుదుటపడుతున్న కొద్దీ భూమవ్వ గుప్పిట ఇంకా బిగించింది. ఊళ్ళో మెట్టె ఎప్పుడు తీస్తారో ఆమె కళ్ళారా చూసింది. తండ్రి పోయిన పదోనాడు వాగు ఒడ్డున తల్లిని కూర్చోబెట్టి, ఇద్దరు ముసలివాళ్ళు చెరో కాలూ పట్టుకుని లాగారు. రాకపోతే రాయితో కొట్టి వంచారు. తల్లి కాలివేళ్ళ మీద తెల్లటి గాడులు అచ్చం ఇలాగే పడ్డాయి. ఇవాళ తన మెట్టె తెగిన ఈ గడియలో అక్కడ పోశెట్టి మంచం మీద ఎలా ఉన్నాడో. నీళ్ళు అడిగితే ఎవరైనా ఇచ్చారో లేదో.

*

నాసిర్ ఆఫీసు నుంచి వచ్చేసరికి సాయంత్రపు నమాజుకు ఇంకా కాసేపే ఉంది. నెమ్మదైన మనిషి, పనివాళ్ళ మీద ఎప్పుడూ గొంతెత్తడు. తల్లి కుర్చీ పక్కన కూర్చుని చేతిలోని కాగితాల కట్ట ఒక్కొక్కటిగా చూస్తున్నాడు. భూమవ్వ టీ కప్పుల పళ్ళెం పట్టుకుని వచ్చింది.

“ఇదేమిటో చూడు,” అన్నాడు నూరాతో. “ఆఫీసు పోస్టు బాక్సులో రెండు నెలల నుంచీ పడి ఉందట. గుమాస్తా ఎవరిదో తెలియక పక్కన పెట్టి ఇవాళ ఇచ్చాడు. అడ్రసు మనదే. పేరు చూస్తే…” కవరును కళ్ళ దగ్గర పెట్టుకుని కూడబలుక్కుని చదివాడు. “బు… మా… భూమవ్వ.”

ఆ గదిలో ఆ పేరు ఎవరూ ఎప్పుడూ పలకలేదు. పేరు గోడకు తగిలి మళ్ళీ తన మీదికే వచ్చినట్టు భూమవ్వకు అనిపించింది.

“ఇండియా స్టాంపు,” అన్నాడు నాసిర్ ఆమె వైపు తిరిగి. “బిల్కిస్, మీ వైపు పేరేనా? హిందువుల పేరులా ఉంది. ఎవరీమె?”

ముసలమ్మ చేతిలో జపమాల ఆగింది. ఆమె కూడా వింటోంది.

“తెలియదు బాబా,” అంది భూమవ్వ. “ఈ ఇంట్లో అలాంటి మనిషి ఎవరూ లేరు.”

పళ్ళెంలో కప్పులు కదల్లేదు. గొంతు కూడా వణకలేదు. అంత తేలికగా ఎలా అనగలిగిందో ఆమెకే భయం వేసింది.

“సరే, పాత కాగితాల్లో పారెయ్యి,” అని నాసిర్ ఆ కవరు ఆమె చేతికే ఇచ్చాడు.

వంటింటి దాకా నెమ్మదిగానే నడిచింది. తలుపు దాటాక పెరట్లోకి పరిగెత్తింది. ఇస్హాక్ గేటు పక్క తన గది ముందు కూర్చుని చెప్పులు దులుపుకుంటున్నాడు. కవరు చూడగానే లేచి నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి ఆమెను లోపలివైపు గోడచాటుకు పిలిచి చించాడు. ముందు తనలో చదువుకున్నాడు. రెండో వరుస దగ్గర అతని పెదవులు కదలడం మానేశాయి.

“సదువు ఇసాకూ.”

“అక్కా, కూసో.”

“సదువు.”

అతను చదివాడు. “వదినెకు మల్లేశం దండాలు చేసి రాయించేది. అన్న ఉగాది తెల్లారి పొద్దుగాల పోయిండు. నడుము పుండు లోపటికి వొయ్యి జరమొచ్చె. జగిత్యాల దవాఖానకు తీస్కపోయినం గని లాభం లేకపాయె. నీకు ఎట్ల చెప్పాల్నో ఎవ్వలకు తెల్వలె. అన్న పెట్టెల నీ వీసా కాయిదం దొరికితె గా పతా మీద రాయిస్తున్న. పదోద్దుల దాక నీకోసం చూసినం. నువ్వు లేకుంటనే అన్ని చేసినం. నువ్వు ఏడున్నా మంచిగుండాలె.”

పోశెట్టి బతికుంటే ఏ పేరు మీద రాయించాలో అతనికి తెలుసు. తమ్ముడికి తెలిసింది వదినె పేరే. ఆ పేరు మనిషి ఇక్కడ లేదు కనుక ఉత్తరం రెండు నెలలు ఎవరిదీ కాకుండా పడి ఉంది. పొద్దున రంపం ఆడుతుంటే అతని ప్రాణం ఎక్కడ కొట్టుకుంటోందో అని ఆమె బెంగపడింది. అప్పటికే అతను లేడు. వేలు నల్లబడుతున్నా ఆమె కాపాడుకుంటూ వచ్చిన మెట్టె వెనక మనిషే లేడు.

ఆమె ఏడవలేదు. గోడకు వీపు ఆనించి నిలబడింది. తలగుడ్డ నిండా దుమ్ము. మసీదు నుంచి బాంగ్ వినిపించింది.

“యుమ్మాకు నీళ్ళు పొయ్యాలె,” అంది.

*

స్టూలు మీద కూర్చోవడానికి ముసలమ్మ ఎప్పటిలాగే ఆమె ఎడమచేయి పట్టుకుంది. ఆరేళ్ళుగా ఆ వేళ్ళు ముందు ఆ బుడిపెలనే వెతుక్కుంటాయి. ఇవాళ గుడ్డపీలిక తగిలింది.

“కోసేశారా?”

“కోశారు.”

“బాధగా ఉందా తల్లీ?”

అప్పుడు భూమవ్వ మోకాళ్ళ మీద కూలబడింది. నేల మీది తడి గౌనులోకి ఎక్కింది. “నా మనిషి చనిపోయాడు యుమ్మా,” అని ముసలమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. చప్పుడు బయటికి పోకుండా గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ముసలమ్మ ఏదో దువా పలుకుతూ ఆమె తల నిమిరింది. చాలాసేపు నిమిరింది. తాను ఇరవై ఆరేళ్ళకే ముండమోసిన మనిషి. ఆ చేతికి ఆ దుఃఖం తెలుసు.

“పేరు చెప్పు,” అంది. “ఇప్పుడే నమాజులో అతని కోసం అడుగుతాను.”

పాస్‌పోర్టులో భర్త పేరు ఖయ్యూమ్ అని ఉంది. విమానాశ్రయంలో అడుగుతారేమోనని బొంబాయిలో వందసార్లు వల్లె వేయించిన పేరు. నాలుక చివరికి అదే వచ్చింది. కానీ ఆ పేరు చెబితే ముసలమ్మ అడిగేదంతా ఎవరో ఖయ్యూమ్‌కు పోతుంది. పోశెట్టి చావు కబురు అడ్రసు తప్పి పడి ఉన్నట్టే అతని కోసం చేసిన ప్రార్థన కూడా ఎక్కడో పడి ఉంటుంది. మొగుడి పేరు నోటితో చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు.

“పోశెట్టి,” అంది.

“బో… షెత్తి.” ముసలమ్మ ఆ మాటను నోట్లో తిప్పి చూసింది. “అదేం పేరు?”

“మా ఊరి అమ్మవారి పేరు యుమ్మా. ఆమె పేరు పిల్లలకు పెట్టుకుంటారు.”

తల నిమిరే చేయి ఆగింది. కొళాయి నుంచి చుక్కలు బకెట్‌లో పడుతున్నాయి. భూమవ్వ తలెత్తలేదు.

“ఆరేళ్ళుగా నా కాళ్ళు కడిగింది ఎవరు?”

“నేనే యుమ్మా.”

“పేరు అడుగుతున్నాను.”

“భూమవ్వ.”

ముసలమ్మ చేయి ఆమె తల మీంచి లేచింది. గాలిలో కాసేపు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉండి, సొంత మోకాలి మీద ఆనింది.

“నూరాను పిలువు. నీళ్ళు మొదటి నుంచి మళ్ళీ పొయ్యమను.”

భూమవ్వ నూరాను పిలిచి తలుపు బయట నిలబడింది. లోపల నీళ్ళు పడుతున్నాయి. ముందు చేతులు, తర్వాత నోరు. అత్తాకోడళ్ళు మాట్లాడుకోవడం వినిపిస్తోంది. ఇక నాసిర్‌ను పిలుస్తారు, నాసిర్ ఫోను తీస్తాడు. ఆమెకు ఆ మేడమీది తీగె గుర్తుకొచ్చింది. వంటింట్లో పొయ్యి ఆర్పానో లేదో అని కూడా అనిపించింది.

నూరా తడిచేతులతో బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భూమవ్వ భుజం పట్టుకుంది. “పాపం బిల్కిస్! ఎందుకు చెప్పలేదు మాకు? మొగుడు పోయిన మనిషి మక్కా ప్రయాణం చేయకూడదు, గడువు తీరేదాకా సొంత ఇంట్లోనే ఇద్దత్ కూర్చోవాలి, వెంటనే పంపించేయమంటోంది యుమ్మా. బుధవారం విమానానికి నాసిర్ టికెట్ చూస్తాడు.”

“యుమ్మా ఇంకేమీ అనలేదా మేడం?”

“ఇంకేమంటుంది?”

*

ముసలమ్మ ఎవరికీ చెప్పలేదు. అలాగని భూమవ్వ చేత మళ్ళీ నీళ్ళూ పోయించుకోలేదు. ఆ మూడు రోజులు ఆమెకు నూరాయే నీళ్ళు పోసి వుజూ చేయించింది, నూరాయే అన్నం కలిపి పెట్టింది. భూమవ్వ గది ఊడుస్తుంటే ముసలమ్మ ముఖం గోడవైపు ఉండేది. మంగళవారం కుర్చీలోంచి లేవబోతూ అలవాటుగా చేయి చాచింది. భూమవ్వ అందుకోబోయేలోపు చేయి వెనక్కి తీసుకుని కుర్చీ కోడు పట్టుకుంది. మక్కా ప్రయాణం తప్పింది, పోలీసులు తప్పారు. అయినా ఆ వెనక్కి పోయిన చేయి భూమవ్వకు మొగుడి చావంత బరువైంది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

బుధవారం దుమ్ము కొంచెం తెరిపిచ్చింది. సంచి సర్దుకుని ముసలమ్మ గుమ్మంలో నిలబడి, “వెళ్తున్నాను యుమ్మా,” అంది. జపమాల పూసలు ఆగాయి. భూమవ్వ వెనుదిరిగి నాలుగడుగులు వేశాక పూసల చప్పుడు మళ్ళీ మొదలైంది.

విమానాశ్రయంలో అధికారి పాస్‌పోర్టు తెరిచి ఫోటోను చూశాడు, ఆమెను చూశాడు. పేజీ మీద బొటనవేలు రాసి చూశాడు. అద్దం అవతల ఇస్హాక్ పెదవులు కదులుతున్నాయి. “బిల్కిస్ బేగం?” అన్నాడు అధికారి. ఆమె తల మాత్రం ఊపింది. అతను ఇంకోసారి చూసి ముద్ర కొట్టాడు. ఆమె లోపలికి నడిచింది. వెనక్కి తిరిగి చేయి ఎత్తిందో లేదో జనంలో ఇస్హాక్‌కు కనిపించలేదు.

అతను ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం నమాజు వేళవుతోంది. నూరా మేడ మీద పెట్టెలు సర్దుతోంది. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చాడు. అంతా తుడిచి శుభ్రంగా ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. లోపలి గదిలోంచి ముసలమ్మ గొంతు వినిపించింది.

“బిల్కిస్!”

ఎవరూ పలకలేదు. కాసేపయ్యాక గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి చిన్నగా, ఒక్కో అక్షరం తడుముకుంటూ.

“బూ… మవ్వా.”

ఇస్హాక్ గ్లాసు పట్టుకుని కదలకుండా నిలబడిపోయాడు. కొళాయి పక్కన, రేపటి పొద్దుటికి ముసలమ్మకు మెత్తగా ఉడకాలని తెల్లవారుజామున ఎవరో నానబోసి వెళ్ళిన శనగలు గిన్నె నిండా ఉబ్బి, పైన మూసిన పళ్ళేన్ని ఒక పక్కకు కొద్దిగా లేపాయి.